గది లోపలి మాట, అరుగు మీది మాట

మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ని నేను. ఎన్నికలేం జరగలేదు, గ్రూపు మొదలుపెట్టిన పాపానికి ఆ పదవి నన్ను అంటుకుంది, అంతే. అందరం రాజమండ్రిలో చదువుకున్నవాళ్ళమే. ఇప్పుడు సగం మంది హైదరాబాదులో ఉన్నారు, కొందరు విశాఖలో, ముగ్గురు అమెరికాలో. ఒకమ్మాయి పెళ్ళై వరంగల్ వైపు వెళ్ళింది. అమ్మాయి అంటున్నాను గానీ నేను చెప్పబోయే రోజుకే ఆవిడ కొడుకు ఇంజినీరింగ్‌లో చేరాడు. బ్యాచ్‌మేట్ల వయసు ఎందుకో మన లెక్కలో పెరగదు.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. భోజనం చేసి నడుం వాల్చిన వేళకి గ్రూపులో ఒక ముక్క పడింది. "పాపికొండల బోటు మునిగిపోయిందంట. కచ్చులూరు దగ్గర."

కచ్చులూరు మాకు పేపర్లో చదివి తెలుసుకోవాల్సిన పేరు కాదు. కాలేజీ రోజుల్లో లాంచీ మీద పేరంటపల్లి వెళ్ళనివాడు మా బ్యాచ్‌లో లేడు. దేవీపట్నం దాటాక కొండలు రెండువైపుల నుంచీ దగ్గరకి జరుగుతాయి, ఏరు సన్నబడి వడి పెరుగుతుంది. కచ్చులూరు దగ్గర గోదారి మలుపు తిరిగే చోటుని అక్కడివాళ్ళు మందం అంటారు. నీళ్ళు ఎక్కువున్న రోజుల్లో అక్కడ ప్రవాహం తిన్నగా పోదు, సుళ్ళు తిరుగుతుంది. ఆ చోటు దాటించడంలోనే సరంగు పనితనం తెలుస్తుందని చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నామో.

సాయంత్రానికి టీవీల్లో బోటు పేరు వచ్చింది, రాయల్ వశిష్ట. ఎంతమంది ఎక్కారన్నది మాత్రం గంటకో లెక్క. చివరికి అధికారులు తేల్చింది 77 మంది అని. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ళని ముందుగా నీళ్ళలోంచి లాగి ఒడ్డుకి చేర్చింది కచ్చులూరు జనం, తమ చిన్న పడవలేసుకుని వెళ్ళి. మిగతా దళాలన్నీ ఆ తర్వాతే.

మా గ్రూపు మాత్రం ఆరింటికల్లా తీర్పు చెప్పేసింది. "వరదలో ఎవడు వెళ్ళమన్నాడు?" అన్నారు. "సెల్ఫీల పిచ్చి" అన్నారు. అందరూ ఒకవైపుకి చేరి గంతులేసి ఉంటారని, అక్కడ లేని మనిషి, చూసినట్టే రాశాడు. చిక్కుకున్నవాళ్ళలో తెలంగాణవాళ్ళు చాలామంది ఉన్నారని తెలిశాక "గోదారి సంగతి తెలియనివాళ్ళకి టికెట్లిస్తే ఇలాగే ఉంటుంది" అని ఒకడు. దానికి హైదరాబాదు నుంచి ఇంకొకడు ఇచ్చిన జవాబు ఇక్కడ రాయలేను. అప్పటికి ఆంధ్రలో ప్రభుత్వం మారి నాలుగు నెలలు కూడా కాలేదు కాబట్టి, తప్పు పాతవాళ్ళదా కొత్తవాళ్ళదా అన్న తగువు ఎలాగూ సిద్ధంగానే ఉంది. రాత్రి తొమ్మిదింటికి చూస్తే బోటు ఊసెత్తినవాడు లేడు. రెండు పార్టీల పేర్లున్నాయి, ఒక కులం పేరుంది, ఇద్దరు పాత స్నేహితులు ఒకళ్ళ నాన్నని ఒకళ్ళు తిట్టుకోవడం ఉంది.

నేను చేసిన పని గ్రూపుని అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేయడం. "ఇది మాట్లాడుకునే సమయం కాదు, చనిపోయినవారి ఆత్మకు శాంతి కలగాలి" అని ఒక ముక్క రాసి, రెండు దండాలు పెట్టి, ఫోన్ పక్కన పడేసి పడుకున్నాను. పెద్దమనిషి తరహాలో వ్యవహరించానని నా మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది.

సోమవారం పొద్దున్న రెండు ఫోన్లు వచ్చాయి.

మొదటిది మా బ్యాచ్‌లో టీచరుగా పనిచేస్తున్నవాడి నుంచి. ఏజెన్సీ స్కూళ్ళలో చాలా ఏళ్ళు చేశాడు, ఆ ఏరంతా వాడికి కొట్టిన పిండి. "తిట్టుకునేవాళ్ళనీ నన్నూ కలిపి ఒకే తాళం వేశావేంట్రా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. పైకి జరిపి చూసుకోమన్నాడు. చూశాను. ఆ బురదలో వాడివి రెండు మెసేజ్‌లున్నాయి. ఒకటి, బయటపడ్డవాళ్ళనీ దొరికిన మృతదేహాలనీ రాజమండ్రి ప్రభుత్వాసుపత్రికి తెస్తున్నారని, బంధువులు ఫోన్ చేయాల్సిన నంబర్ ఇదని. రెండోది మూడు ప్రశ్నలు. ఏట్లో నీళ్ళు ఎంతుంటే బోటు ఆపాలో చెప్పాల్సింది ఎవరు? బోటు బయల్దేరిన గండిపోచమ్మ రేవులో ఆ మాట ఈ రోజు ఎవరైనా చెప్పారా? దేవీపట్నం పోలీస్‌స్టేషన్ దాటే కదా వెళ్ళింది, అక్కడ ఎవరైనా ఆపారా? ఈ రెండింటికీ మధ్య, ముందూ వెనకా, తిట్లే. ఒక్కడూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

రెండో ఫోన్ వరంగల్ నుంచి. ఆవిడ గ్రూపులో ఎప్పుడోగానీ మాట్లాడదు. పండక్కి ఒక ముగ్గు ఫొటో పెడుతుంది, అంతే. "మావాళ్ళ తరఫు మనిషి ఒకరు ఆ బోటులో ఉన్నారు. ఇంకా ఏం తెలియలేదు" అంది. నేను ఏదో అనబోతుంటే ఆపి, "నువ్వు ఆ బోటు ఎక్కావు కదా. కింద ఏసీ గదిలో అద్దాలు లోపల్నుంచి తీసే వీలుంటుందా?" అని అడిగింది.

నేను ఎక్కింది పాత లాంచీ. ఈ బోటు కాదు. ఆ మాటే చెప్పాను. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆ టీచరు నంబర్ అడిగి పెట్టేసింది. రాత్రంతా గ్రూపులోవన్నీ చదివిందని అప్పుడు తెలిసింది. ఒక్కదాని గురించీ నిష్ఠూరమాడలేదు. అడిగి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

చావు జరిగిన ఇంటికి ఎలా వెళ్ళాలో మనకి ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు. అయినా అందరికీ వచ్చు. చెప్పులు విప్పుతాం, లోపలికి వెళ్ళి ఏమీ అనకుండా కూర్చుంటాం. పెద్దవాళ్ళైతే చెయ్యి పట్టుకుంటారు. ఎలా జరిగిందని మనం అడగం. వాళ్ళే చెబుతారు, వచ్చిన ప్రతి ఒక్కరికీ మళ్ళీ మొదటినుంచీ చెబుతారు, మనం మొదటిసారి విన్నట్టే వింటాం. లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనం. ఎంత అలవాటైన మాటైనా ఆ గడప దగ్గర నోటికి రాకుండా ఆపుకుంటాం.

ఇదే మనుషులం బయట అరుగు మీదికి రాగానే వేరు. "ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సింది." "ఆ మందు ఎవడు రాశాడు?" "తాగుడు మానమని ఎన్నిసార్లు చెప్పారో." అరుగు మీది మాటలు నీచమైనవని నేను అనను. ఊళ్ళో అసలు సంగతులు బయటపడేది అక్కడే. తప్పుడు మందు రాసిన డాక్టరు పేరు తెలిసేది అక్కడే, కరెంటు తీగ నెలరోజులుగా వేలాడుతోందని ఎవరికి చెప్పినా వినలేదన్నది తెలిసేది కూడా అక్కడే. గదికీ అరుగుకీ మధ్య ఒక గోడ ఉంటుంది, ఆ గోడ ఉందన్న ధైర్యంతోనే అరుగు మీద నోరు విప్పుతాం. లోపల ఏడుస్తున్న మనిషికి వినపడకూడదని గొంతు తగ్గించుకుంటాం కూడా.

ఫోన్‌లో ఆ గోడ లేదు. అరుగు మీద మనం అంటున్న మాట తిన్నగా గదిలో కూర్చున్న మనిషి చేతిలో వెలుగుతోంది. మా గ్రూపులో 60 మందిమి. అందులో ఒకావిడ ఆ రాత్రి గది లోపల ఉందని ఎవరికీ తెలియదు. 60 మందిలోనే ఇలా ఉంటే, వేలమంది చూసే ఫేస్‌బుక్ పోస్టుల కింద రాసే మాట ఎన్ని గదుల్లోకి వెళుతుందో ఎవరు చెప్పగలరు? బోటు ప్రమాదంలో ఇది ఇంకా ఎక్కువ. రోడ్డు ప్రమాదమైతే మనిషి ఉన్నాడో లేడో ఆ పూటకి తేలిపోతుంది. నీళ్ళలో తేలదు. రోజుల తరబడి, వారాల తరబడి ఎదురుచూసే జనం ఉంటారు. వాళ్ళకి ఫోన్ చూడటం తప్ప వేరే పని ఉండదు.

అందుకని అరుగు మూసేయాలంటారా? నేను ఆ రాత్రి చేసింది అదే. అది తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

"వరదలో ఎవడు వెళ్ళమన్నాడు?" అన్న మాట తీసుకోండి. ఆ వారమంతా నేను చూసిన ప్రతిచోటా ఏదో ఒక రూపంలో అదే కనబడింది. ఆ రోజు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 11.75 అడుగులకి చేరినప్పుడు, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు దిగువకి వదిలేటప్పుడు. టీవీ అడుగున "గోదావరికి మొదటి హెచ్చరిక" అని పోయే అక్షరాలు చూసి వరదని లెక్కగట్టే మనబోటివాళ్ళకి 5 లక్షలంటే ఏమీ లేనట్టే. కానీ 10 లక్షలన్నది కింద లంక ఊళ్ళకోసం పెట్టుకున్న లెక్క. మందం దగ్గర రెండంతస్తుల ఇనప బోటు నిలదొక్కుకుంటుందా లేదా అన్న లెక్క వేరే ఉండాలి. అది టీవీలో రాదు. కడిపికొండ నుంచి వచ్చినవాళ్ళకి అది తెలిసే దారి ఏది? వరంగల్ పక్కనున్న ఆ ఒక్క ఊరి నుంచే 14 మంది వెళ్ళారు, ఐదుగురు తిరిగొచ్చారు. రేవులో బోటు కట్టి ఉంది, టికెట్లు ఇచ్చారు, ఎక్కమన్నారు. బస్సెక్కే ముందు మనం బ్రేకులు చూస్తామా?

తమాషా ఏమిటంటే "ఎవడు వెళ్ళమన్నాడు" అన్నది నిజానికి మంచి ప్రశ్న. దానికి జవాబుంది. వెళ్ళమన్నవాళ్ళు ఉన్నారు. బోటుకి పర్మిషన్ కాగితం ఇచ్చిన శాఖ ఒకటుంది. నీళ్ళ లెక్క చూసే శాఖ ఇంకొకటి. టూరిజం పేరు చెప్పి రమ్మని పిలిచే శాఖ మరొకటి. దారిలో పోలీసులున్నారు, బోటు యజమాని ఉన్నాడు, టికెట్ అమ్మిన ఏజెంటు ఉన్నాడు. మా టీచరు అడిగిన మూడు ప్రశ్నలూ ఇవే, మాట తీరే వేరు. మా గ్రూపులో ఆ ప్రశ్నని నిజంగా అడగలేదు. ప్రశ్న రూపంలో తిట్టారు, అది కూడా జవాబు చెప్పలేనివాళ్ళని. నీళ్ళ అడుగున ఉన్న మనిషి మీదికి తప్పు తోసేస్తే ఇక రేవులో ఉన్న మనిషిని అడగాల్సిన అవసరం ఉండదు. అమర్యాదగా మాట్లాడటంలో నాకు కనబడే పెద్ద నష్టం ఇదే. మనసు నొచ్చుకోవడం ఒకెత్తు, అడగాల్సినవాడు తప్పించుకుపోవడం ఇంకొకెత్తు.

లైఫ్ జాకెట్ సంగతీ అంతే. అందరూ వేసుకుని లేరని పత్రికల్లో వచ్చింది. వెంటనే "జాకెట్ వేసుకోవడానికి కూడా నామోషీయే" అని మొదలైంది. జాకెట్ వేసుకోవాలి, అందులో రెండో మాట లేదు. అయితే మూసిన గదిలో ఉన్నప్పుడు బోటు తిరగబడితే అదే జాకెట్ మనిషిని పైకి, అంటే గది కప్పుకేసి నొక్కేస్తుంది. తలుపు నీళ్ళ కింద ఎక్కడో ఉంటుంది. వరంగల్ నుంచి ఆవిడ అద్దాల గురించి అడిగింది ఊరికే కాదు. జాకెట్ గురించి వందమంది రాశారు. అద్దాలు పగలగొట్టే సుత్తి ఉందా, కింది గదికి ఎన్ని తలుపులు, ప్రయాణం మొదలయ్యే ముందు ఎవరైనా ఈ సంగతి చెబుతారా అని మా గ్రూపులో అడిగినవాడు లేడు.

అడగడానికి అప్పటికే కారణం ఉంది కూడా. 2018 మే 15న అదే దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర లాంచీ మునిగింది. షికారుకి వెళ్ళినవాళ్ళు కాదు, ఊళ్ళకి పోయే గిరిజనులు. గాలివాన వస్తోందని తలుపులు మూశారు, ఆ మూసిన లాంచీలోనే చాలామంది ఉండిపోయారు. అంటే మూసిన గది ప్రమాదమని కచ్చులూరుకి పదహారు నెలల ముందే, కొద్ది మైళ్ళ దూరంలోనే తెలుసు. దానికి ముందు, 2017 నవంబర్ 12న, కార్తీకమాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చిన వాకర్స్ క్లబ్‌వాళ్ళు. అప్పుడు కూడా "పుణ్యం కోసం పోయి" అని వెటకారమాడినవాళ్ళని నేను చూశాను. మంటూరుకి మాత్రం వెటకారం లేదు. ఎందుకంటే మంటూరు గురించి మా గ్రూపులో అసలు ఎవరూ ఏమీ రాయలేదు. గిరిజనుల లాంచీ మునిగితే మనకి తిట్టడానికి కూడా తీరిక లేదు. నేనూ రాయలేదు, కాబట్టి ఈ మాట ముందు నాకే తగలాలి.

"అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలు" అని మా నాయనమ్మ పెళ్ళి సంబంధాల దగ్గర వాడేది. బోట్ల దగ్గర ఇంకా బాగా నప్పుతుంది. మంటూరు తర్వాత నిష్ఠూరంగా నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబు వచ్చేదాకా వదలకపోయుంటే, కచ్చులూరు తర్వాత ఎవరినీ తిట్టాల్సిన పనే ఉండేది కాదేమో.

కాబట్టి "ఇది మాట్లాడుకునే సమయం కాదు" అన్న నా పెద్దమనిషి ముక్కని నేనే వెనక్కి తీసుకుంటున్నాను. అది మర్యాదలా వినబడుతుంది, కానీ దానివల్ల బాగుపడేది ఎక్కువగా జవాబు చెప్పాల్సినవాళ్ళే. సంగతులు తేలేది మొదటి వారంలోనే. టికెట్ పుస్తకం ఎక్కడుందో, ఆ పూట గేజీ మీద నీటిమట్టం ఎంతో, ఎవరు ఎవరికి ఫోన్ చేశారో అప్పుడే తెలుస్తాయి. తర్వాత అందరూ మర్చిపోతారు. ఎదురుచూసే కుటుంబాలు మౌనం కోరుకుంటాయనుకోవడం కూడా మన ఊహే. నాకు తెలిసిన ఒకే ఒక్క కుటుంబం కోరుకున్నది మౌనం కాదు. వాళ్ళకి కావలసింది ఒక ఫోన్ నంబర్, అద్దాల గురించి ఒక జవాబు.

ఇంతమాత్రాన తోచిందల్లా రాసేయొచ్చని కాదు. ఎంతమంది ఎక్కారన్న లెక్క చూడండి. అధికారులు 77 అన్నారు. ఒక మాజీ ఎంపీ 93 మంది ఉన్నారని ఆరోపించారు. ఆయన ఆ మాట అన్నారని చెప్పడం ఒకటి. దాన్నే "93 మంది జలసమాధి, 16 శవాలు దాచేశారు" అని ఎర్ర అక్షరాల్లో ఫార్వర్డ్ చేయడం ఇంకొకటి. మా గ్రూపులోకి రెండోదే వచ్చింది. పంపినవాడిని అడిగితే "నిజమైతే ఎలా?" అన్నాడు. అబద్ధమైతే ఎలా అన్నది వాడి సమస్య కాదన్నమాట. ఆ రోజు బోటులో తీసినవంటూ వీడియోలు కూడా తిరిగాయి. ఆ బోటువో, పాతవో, పంపేవాడికీ తెలియదు, చూసేవాడికీ తెలియదు. ఒకదానికి వెనక ఏడుపు పాట కూడా అతికించారు. తన మనిషి మొహం కనబడుతుందేమోనని దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసి ఉంటారో ఎవరో ఒకరు.

డబ్బు మాట అంతకంటే ఘోరం. ఆంధ్ర ప్రభుత్వం 10 లక్షలు, తెలంగాణ ప్రభుత్వం తమ వాళ్ళకి 5 లక్షలు ప్రకటించాయి. "మా పన్నులతో వీళ్ళ షికార్లా" అని చదివాను. మనిషి దొరకని ఇంటివాళ్ళ సంగతి ఈ రాసేవాళ్ళకి తెలుసా అనిపిస్తుంది. మన సాక్ష్యాధారాల చట్టం ప్రకారం కనబడకుండా పోయిన మనిషి చనిపోయాడని భావించడానికి మామూలుగా ఏడేళ్ళు ఆగాలి. ప్రభుత్వం ప్రత్యేకంగా పూనుకుంటే తప్ప బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ దాకా ఏదీ కదలదు. అలాంటి ఇంట్లో 10 లక్షలన్నది లాటరీలా వినబడదు. చనిపోయాడని ఒప్పుకుని సంతకం పెట్టమన్నట్టు వినబడుతుంది.

బోటు అడుగునే ఉండిపోయింది. లోతు 200 అడుగులకి పైమాటే అన్నారు. పైన వడి. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి ఇనప తాళ్ళతో, లంగర్లతో లాగడం మొదలుపెట్టింది. తాడు తెగిందని ఒక రోజు, నీళ్ళు పెరిగాయని పని ఆపారని ఇంకో రోజు. ఇంత టెక్నాలజీ పెట్టుకుని తాళ్ళతో లాగడమేంటని మా గ్రూపులో నవ్వులు, బాహుబలి మీమ్‌లు. అప్పటికి గ్రూపు మళ్ళీ తెరిచాను మరి. ఆ మీమ్ పెట్టినవాడికి నేను విడిగా ఫోన్ చేశాను, గ్రూపులో అనకుండా. వరంగల్ సంగతి చెప్పాను. వాడు "అయ్యో, నాకు తెలియదురా" అన్నాడు. నిజంగానే తెలియదు. ఆ పూటే తీసేశాడు. మళ్ళీ ఆ నెలంతా గ్రూపులో ఆ ఊసు ఎత్తలేదు. అక్టోబర్ 22న, 38వ రోజున, ఆ తాళ్ళే బోటుని ఒడ్డుకి లాగాయి. లోపల మృతదేహాలున్నాయి.

వాడిని నలుగురిలో కడిగేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. పౌరుషానికి ఇంకో నాలుగు మీమ్‌లు పెట్టేవాడు. ఆ రాత్రి కులం ఎత్తినవాడి విషయంలో అది చూశాను. నలుగురూ మీదపడేసరికి వాడు మాట వెనక్కి తీసుకోకపోగా ఒక ఆర్టికల్ లింకు కూడా తెచ్చాడు. మన మనిషి తప్పు మాటంటే చాటుకి పిలిచి చెప్పడం మన ఇళ్ళలో ఉన్న పద్ధతే. అత్తగారి ముందు కోడలిని అనకూడదంటారే, అలాంటిదే. ఇంతా చేసి కులంవాడు గ్రూపు వదిలి వెళ్ళిపోయాడు, ఇప్పటికీ నాతో మాట్లాడడు. నాకు పెద్ద బాధేం లేదు.

ఇప్పుడు ఎక్కడైనా ఇలాంటిది జరిగితే, 2023లో కేరళలో తానూరు బోటు, 2024లో ముంబై గేట్‌వే దగ్గర ఫెర్రీ, నేను గ్రూపుకి తాళం వేయడం లేదు. ముందుగా ఒకే ఒక్క మాట రాస్తాను: "మనలో ఎవరి మనిషైనా అక్కడ ఉన్నారేమో, అది గుర్తుపెట్టుకుని రాయండి." విచిత్రంగా ఆ ఒక్క మాటకే సగం మంది చేతులు ఆగిపోతాయి. మిగతా సగం ఆగరు. హెల్ప్‌లైన్ నంబర్ లాంటిది ఉంటే పైన పిన్ చేస్తాను, తిట్ల కింద మునిగిపోకుండా. ప్రశ్నలు అడిగేవాడిని కదపను, ఎంత కటువుగా అడిగినా సరే. అడుగుతున్నది ఎవరిని అన్నదొక్కటే చూసుకుంటాను. ఇది ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పను. ఎన్నికల ముందు అయితే అసలు చేయదు.

మా టీచరు ఆ మూడు ప్రశ్నల్నీ తెల్లకాగితం మీద రాసి సమాచార హక్కు దరఖాస్తుగా పెట్టాడు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుని అడగమంది, అది మూడోదాన్ని అడగమంది. "కనీసం ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదన్నది కాగితం మీద తేలింది కదరా" అని నవ్వాడు. ఆ జవాబులన్నీ ఫైల్లో పెట్టుకున్నాడు.

ఆ మధ్య చలికాలంలో, చాలా ఏళ్ళ తర్వాత, మా పిల్లలు గొడవ చేస్తే మళ్ళీ పాపికొండలు వెళ్ళాను. గండిపోచమ్మ అమ్మవారికి దండం పెట్టుకుని రేవులోకి దిగాం. ఇప్పుడు అక్కడ కంట్రోల్ రూం ఉంది. పేర్లు, వయసులు, ఫోన్ నంబర్లు రాసుకున్నారు. ఆరెంజ్ రంగు జాకెట్లు ఇచ్చారు, కొంచెం చెమట వాసన. నా జాకెట్ కింది బకిల్ విరిగి ఉంది. వేరేది అడిగితే కుర్రాడు విసుక్కోకుండా మార్చి ఇచ్చాడు, తనే బెల్టు బిగించాడు. బోటు బయల్దేరే ముందు కింది గది తలుపులెన్నో, అద్దాలు పగలగొట్టడానికి ఏమైనా ఉందా అని అడిగాను. మా ఆవిడ ఇబ్బందిగా చూసింది, పక్కన నలుగురు తలలు తిప్పారు. సరంగు మాత్రం "రెండు తలుపులండి, సుత్తి అదిగోండి" అని చూపించాడు. ఎర్ర రంగు పిడి, గోడకి తగిలించి ఉంది.

ఆ సుత్తినీ, జాకెట్‌లో నన్నూ కలిపి ఒక ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. దేవీపట్నం దాటేదాకా సిగ్నల్ ఉంది. "జాకెట్ నీకు సరిపోవట్లేదురా, పొట్ట తగ్గించు" అని మొదటి జవాబు. దాని వెనకే నవ్వులు, దండాలు, పులస ఎప్పుడు తెస్తున్నావని ఒకడు.

తర్వాత వరంగల్ నుంచి ఒక ముక్క వచ్చింది. "పైనే కూర్చోండి. పిల్లల్ని కిందికి దింపకు."